అక్క ఇచ్చిన ఉగ్గుగిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. కంచుదాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. నాకు ఒకవైపు పిచ్చుక ముక్కులాంటి సన్నని కొమ్ము ఉంటుంది. పాలైనా ఉగ్గైనా అందులోంచే పసివాళ్ళ నోట్లోకి జారుతుంది. ఈ కాలపు తల్లులు కొందరు నన్ను చూసి దీపం కుందె అనుకుంటున్నారు. అనుకోనివ్వండి. రంగురంగుల ప్లాస్టిక్ సీసాలు వచ్చాక నాలాంటివాళ్ళం అటకెక్కాం, మమ్మల్ని గుర్తుపట్టడం వాళ్ళకెలా వస్తుంది?

నాకు కాస్త నోటిదురుసు ఉంది, ముందే చెప్పేస్తున్నాను. మనుషులతో ఇంతకాలం మసిలితే ఎవరికైనా వస్తుంది. నాలోంచి తాగిన ప్రతి బిడ్డా నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చినవాడే. అదే బిడ్డ పెద్దయ్యాక, ఫలానా విద్య తనకి ఉగ్గుపాలతో వచ్చిందని నలుగురిలో గొప్పలు పోతాడు. ఆ ఉగ్గుపాలలో సగం మెడ మీంచి కారి జుబ్బా తడిసిన సంగతి ఎవడికీ గుర్తుండదు.

నేను కంచు పనికి పేరుపడ్డ బుడితి ఊళ్ళో పుట్టాను. గంగన్న అనే పనివాడు కంచు కరిగించి మట్టి అచ్చులో పోశాడు. చల్లారాక అచ్చు పగలగొట్టి, ఆకురాయితో రాసి, నున్నగా చేశాడు. అంతా బాగానే ఉంది గానీ కొమ్ము కొంచెం ఎడమకి వాలింది. గంగన్న నన్ను ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసి, "పిల్లలకేటి తెలుస్తాది లే" అని గంపలో పడేశాడు. ఆ గంపలోంచి నన్ను ఏరి కొన్నది గౌరమ్మ. అప్పుడే పుట్టిన తన కూతురు పైడమ్మ కోసం కొంది. పైడమ్మ నాలోంచి తాగి పెరిగింది, పెళ్ళాడింది, మొదటి కాన్పులో కూతుర్ని కంది. ఆ పిల్ల పేరు నూకరత్నం. ఆ పిల్లకీ నేనే ఉగ్గు పోశాను.

తర్వాత ఎనిమిదేళ్ళు అటక మీద పడుకున్నాను. పైడమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. జీడి నూనె అంటి చేతివేళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవి. రెండోసారి కడుపుతో ఉండగా ఆమె మొగుడు చెన్నైలో కట్టుబడి పనికి వెళ్ళి, పరంజా మీంచి పడి అక్కడే చనిపోయాడు. మగపిల్లవాడు పుట్టాడు. పైడిరాజు అని పేరు పెట్టారు గానీ అందరూ బుజ్జోడు అనే పిలిచేవారు. వాడికి ఆరు నెలలు వచ్చేసరికి పైడమ్మ మంచానపడింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే ఆమెకీ వచ్చింది. అప్పటికి గౌరమ్మ కూడా లేదు.

నన్ను అటక మీంచి దింపింది నూకరత్నం. దానికి తొమ్మిదేళ్ళు. ఉగ్గు పట్టేటప్పుడు పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటారు కదా. నూకరత్నం కూడా అలాగే చాపుకునేది. అయితే ఆ కాళ్ళు వాడికి చాలేవి కావు. పాదాల దగ్గర ఒక పాత తలగడ పెట్టి, కాళ్ళని పొడుగు చేసుకునేది. కొమ్ము ఎడమకి వాలిందని కనిపెట్టి నన్ను ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంది. పైడమ్మకి గాని, గౌరమ్మకి గాని తోచని ఉపాయం అది. ముందు తనే ఒక చుక్క నాలుకకి రాసుకుని, మొహం వికారంగా పెట్టి "ఛీ!" అనేది. వాడు పకపకా నవ్వేవాడు. నోరు తెరుచుకున్న ఆ క్షణంలో పోసేసేది. నేను చూసిన చేతులన్నిటిలో అంత చాకచక్యం ఉన్న చెయ్యి ఇంకోటి లేదు.

బుజ్జోడికి పది నెలలప్పుడు పైడమ్మ పోయింది. తీసుకుపోయి పెంచే మేనమామలూ మేనత్తలూ ఎవరూ లేరు. ఇరుగుపొరుగు వాళ్ళు నాలుగు రోజులు అన్నం పెట్టి, ఐదో రోజు పిల్లల సాయం నంబరుకి ఫోన్ చేశారు. జీపు వచ్చింది. జిల్లా కేంద్రంలో బాలల సంక్షేమ సమితి అని ఒకటి ఉంటుంది, దిక్కులేని పిల్లలు ఎక్కడ ఉండాలో వాళ్ళు నిర్ణయిస్తారు. నిర్ణయించారు. ఆరేళ్ళలోపు పిల్లలు శిశుగృహకి, అంతకుమించిన ఆడపిల్లలు బాలసదనానికి వెళ్ళాలట. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి, మధ్యలో రెండు వీధులూ ఒక కూరగాయల బజారూ. ఊరి పేరు చెప్పను. చెబితే మీరు ఏ గుమస్తానో పట్టుకుని ఉరితీస్తారు. తప్పు అతనొక్కడిదే కాదు.

శిశుగృహ గేటు దగ్గర నూకరత్నం తమ్ముణ్ణి ఆయా చేతికిచ్చింది. ఆయా పేరు బంగారమ్మ. పిల్లవాడితో పాటు నన్నూ ఇచ్చింది.

"ఇందులో పోత్తేనే తాగుతాడండి. గలాసుతో ఇత్తే ఉమ్మేత్తాడు. ఎడం సేత్తో పట్టుకోవాల, కొమ్ము అటే వంగుంటాది."

"సరే తల్లీ, నాను సూసుకుంటాను గదా" అంది బంగారమ్మ.

లోపల పరమేశం అనే గుమస్తా బుజ్జోడి కాగితాలు నింపాడు. మంచివాడే. దస్తూరి ముత్యాలకోవ. మొదటి పేజీలో 'తోబుట్టువులు' అని ఒక గడి ఉంది. ఏళ్ళ తరబడి చేసిన పనిలో పరమేశానికి ఆ గడి ఎందుకున్నదో ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. ఒకే తల్లి పిల్లలు ఇద్దరు అదే గృహంలో చేరితే ఇద్దరికీ కలిపి ఒక మంచం, ఒక బట్టల పెట్టె ఇవ్వచ్చు, అందుకోసం ఆ గడి. నూకరత్నం బాలసదనం పిల్ల, తన గృహంలో పిల్ల కాదు. అందుచేత 'లేరు' అని రాశాడు. అదే రోజు బాలసదనంలో ఇంకో గుమస్తా, సరిగ్గా ఇదే ఆలోచనతో, నూకరత్నం కాగితం మీద కూడా 'లేరు' అని రాశాడట. ఇద్దరూ నిజాయితీగానే రాశారు. ఆ విధంగా రెండు కలాలతో ఇద్దరు పిల్లల్ని ఏకాకుల్ని చేసేశారు.

నాలుగో పేజీలో బిడ్డ వెంట వచ్చిన వస్తువుల జాబితా ఉంటుంది. అక్కడ బంగారమ్మ బల్ల పక్కన నిలబడి పట్టుబట్టింది.

"గిన్నె అక్క ఇచ్చిందని రాయి బాబూ. రేపేటన్నా అయితే ఎక్కడిదని నన్నంటారు."

పరమేశం రాశాడు. 'కంచు ఉగ్గుగిన్నె ఒకటి, అక్క ఇచ్చినది.' అదే కలం, అదే చెయ్యి. మొదటి పేజీ గుర్తుకు రాలేదు.

ప్రతి రెండో శనివారం బాలసదనం మేట్రన్ నూకరత్నాన్ని తీసుకొచ్చేది. ఒక గంట. ఆ గంటా నేను బంగారమ్మ చేతిలోంచి పాత చేతిలోకి మారేదాన్ని. బుజ్జోడు పాకాడు, నిలబడ్డాడు, నడిచాడు. ఒకసారి గేటు చప్పుడు విని "అత్త" అన్నాడు. అది "అక్క" అని బంగారమ్మ తేల్చి చెప్పింది, ఎవరూ ఆమెతో వాదించలేదు. నూకరత్నం మాత్రం ఆ రోజు వెళ్ళేటప్పుడు మేట్రన్ చెయ్యి పట్టుకుని గెంతుతూ వెళ్ళింది.

ఈలోగా కాగితాలు వాటి దారిన అవి నడుస్తున్నాయి. ఈ బిడ్డ తాలూకు వాళ్ళు ఎవరైనా ఉంటే ఫలానా రోజుల్లోగా రావాలని పేపర్లో బుజ్జోడి ఫోటో వేశారు. తాలూకు మనిషి రెండు వీధుల అవతల కూర్చుని పదమూడో ఎక్కం బట్టీ పడుతోంది. బాలసదనానికి పేపరు వచ్చేది, కానీ అది ఆఫీసు గది దాటి పిల్లల దాకా వచ్చేది కాదు. గడువు దాటింది. ఎవరూ రాలేదని రాసుకున్నారు. ఎవరూ లేని బిడ్డని దత్తతకి ఇవ్వచ్చని సమితి సంతకాలు పెట్టింది. అప్పటికి సమితిలో పాతవాళ్ళు దిగిపోయి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళు చూసింది మొదటి పేజీ.

కాకినాడ నుంచి సుభాషిణి, శేషగిరి వచ్చారు. ఆయన కరెంటాఫీసులో ఇంజనీరు. పెళ్ళయి పదమూడేళ్ళు, దత్తత జాబితాలో పేరు రాయించుకుని నాలుగేళ్ళు. సుభాషిణి బుజ్జోణ్ణి ఎత్తుకోగానే వాడు ఆవిడ పట్టుచీర తడిపేశాడు. ఆవిడ నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. అబద్ధం ఎందుకు, నాకు ఆవిడ నచ్చింది. ఒక బిడ్డ కోసం అంతగా ఎండిపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

బంగారమ్మ బట్టల మూటలో నన్నూ కట్టింది. సుభాషిణి చూసి, "ఈ గిన్నె ఎవరిదమ్మా?" అని అడిగింది. బంగారమ్మ సూపరింటెండెంటు మొహం వంక చూసింది. పాత సంగతులేవీ దత్తత తీసుకునేవాళ్ళ దగ్గర ఎత్తకూడదని ఆయాలకి గట్టి ఆజ్ఞ.

"బాబుదేనమ్మా" అంది.

ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం నేను అక్కడ లేను. జరిగింది చాలాకాలానికి బంగారమ్మ నోటే విన్నాను. అది వచ్చినప్పుడు చెబుతాను.

కాకినాడలో నన్ను షోకేసులో పెట్టారు. ఒకవైపు ఏటికొప్పాక బొమ్మలు, ఇంకోవైపు శేషగిరికి ఆఫీసులో ఇచ్చిన షీల్డు. బుజ్జోడు శ్రీహాస్ అయ్యాడు. కొత్త పేరుకి మూడు రోజుల్లో పలకడం మొదలుపెట్టాడు. దత్తత ఉత్తర్వు వచ్చిన రోజున శేషగిరి దాన్ని భార్యకి పైకి చదివి వినిపించాడు. నేటినుంచి ఈ బిడ్డ అన్ని విధాలా మీ కడుపున పుట్టిన బిడ్డే, పుట్టిన కుటుంబంతో ఉన్న బంధాలన్నీ నేటితో తెగిపోయినట్టే, అని దాని సారాంశం. సుభాషిణి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. నాకూ అందులో తప్పు కనబడలేదు. రేపెవరో వచ్చి నా బిడ్డ అని లాక్కుపోకుండా చట్టం కంచె వేసింది. వెయ్యాల్సిందే. చచ్చిపోయిన తల్లితో తెగడానికి కొత్తగా ఏమీ మిగల్లేదు. బతికున్న అక్క సంగతి ఆ కంచె వేసినవాళ్ళకి తట్టలేదు, అంతే. దాని మీదే నాకు కోపం. ఇప్పటికీ ఉంది.

ఏడాది దాటింది. బాలసదనంలో ఒక రోజు న్యాయ సేవల వాళ్ళు పిల్లలకి చట్టాల గురించి చెప్పే సభ పెట్టారు. వారిజ అనే యువ లాయరు వచ్చి బాలల హక్కుల మీద గంటసేపు మాట్లాడింది. చివర్లో, ఇలాంటి సభల్లో అందరూ అన్నట్టే, సందేహాలుంటే అడగండి పిల్లలూ అంది. సాధారణంగా ఎవరూ అడగరు, బిస్కెట్లు పంచుతారు. ఆ రోజు నూకరత్నం లేచి నిలబడింది.

"తమ్ముణ్ణి ఎవులికన్నా ఇచ్చీసినప్పుడు, అక్కనొక మాట అడగాలని సట్టంలో ఉందాండి?"

 బిస్కెట్లు పంచడం అయ్యాక వారిజ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం విన్నది. మర్నాడే రెండు దస్త్రాలూ తెప్పించుకుంది. తోబుట్టువులని వీలైనంతవరకు విడదీయకూడదని నిబంధనల్లో ఉంది. కానీ ఇక్కడ రెండు దస్త్రాల్లోనూ తోబుట్టువులు లేరు. మేట్రన్ చెబుతోంది, బంగారమ్మ చెబుతోంది, అయితే కాగితం కాదంటోంది. నాలుగో పేజీ దాకా తిప్పాక వారిజకి నేను కనబడ్డాను. 'అక్క ఇచ్చినది.' తోబుట్టువులు లేని బిడ్డకి గిన్నె ఇచ్చిన అక్క ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఒక్క వరుస పట్టుకుని ఆమె కోర్టులో పిటిషన్ వేసింది. ఆ దస్త్రం మొత్తంలో ఆ పిల్ల ఉన్నట్టు తెలిపేది నా పేరు పక్కన ఉన్న ఆ రెండు మాటలే.

నోటీసు కాకినాడ వచ్చింది. సుభాషిణి దాన్ని సగం చదివింది.

"మన బాబుని తీసుకుపోతారండీ" అంది.

"కాగితం సరిగ్గా చదువు. తీసుకుపోతామనలేదు. చూడాలని అడుగుతోంది, అంతే" అన్నాడు శేషగిరి.

"ఇవాళ చూడాలంటుంది. రేపు ఉంచుకుంటానంటుంది. అసలు వీడికి అక్క ఉందని మనకెవరైనా చెప్పారా? నాకు తెలీదు, నాకేం తెలీదు!"

నోటీసులో నా వర్ణన ఉంది. కంచుది, ఉగ్గుగిన్నె, కొమ్ము ఎడమకి వాలినది. ఆ మర్నాడు ఉదయం సుభాషిణి పూజగదిలో వాడిన పూలన్నీ ఒక సంచిలో వేసింది. ఏటిలో కలపడానికి వారానికోసారి ఆవిడ చేసే పనే. ఆ పూల మధ్యలో నన్నూ దాచింది. ఉప్పుటేరు వంతెన మీద చాలాసేపు నిలబడింది. బంతిపూలు, మందారాలు గుప్పెళ్ళతో కిందికి వదిలింది. నేను చేతికి తగిలాను. బయటికి తీసింది, చూసింది, వంతెన గోడ మీద పెట్టింది. నాకు భయం వేసిందని చెప్పడానికి సిగ్గుపడను. నీళ్ళ అడుగున బురదలో పడుకుంటే ఆ పిల్ల చేతిని నేను మళ్ళీ చూడలేను.

ఆవిడ నన్ను వదలలేదు. ఎందుకో నాకు తెలీదు. ఖాళీ సంచితో, నన్ను పిడికిట్లో పట్టుకుని ఇంటికి వచ్చేసింది.  వాయిదా రోజున అదే పిడికిలితో నన్ను కోర్టుకి తెచ్చి, ఎవరూ అడక్కముందే జడ్జిగారి బల్ల మీద పెట్టింది.

"ఇది మా ఇంట్లోనే ఉందండి" అంది. 

ఆ రోజే బంగారమ్మ సాక్ష్యం చెప్పింది. బుజ్జోడు వెళ్ళిపోయాక వచ్చిన రెండో శనివారం ఏం జరిగిందో జడ్జిగారు అడిగారు.

"పిల్ల గేటు కాడికొచ్చిందండి. బుజ్జోడు లేడమ్మా, దత్తతకెలిపోనాడు అన్నాను. ఏడవలేదండి. గిన్నె కూడా పట్టికెల్లారా అని అడిగింది. పట్టికెల్లారన్నాను. అయితే పరవాలేదు, తాగుతాడు అందండి. అనేసి ఎనక్కి తిరిగి ఎలిపోనాది."

 జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. యాభై దాటిన ఆడమనిషి. నన్ను ఎత్తి చూపించి, "ఇది మీదేనని ఎలా చెబుతావమ్మా?" అని నూకరత్నాన్ని అడిగారు. పన్నెండేళ్ళ పిల్ల ఇప్పుడు. ఎడమ చెయ్యి చాపి, నన్ను పట్టుకునే తీరు చూపించింది. రెండేళ్ళ తర్వాత ఆ వేళ్ళు నాకు తగిలాయి.

దత్తత సంస్థ తరఫు లాయరు లేచి తన వాదన చెప్పాడు. దత్తతతో పాత బంధాలన్నీ చట్టప్రకారం తెగిపోయాయి, కాబట్టి పిటిషన్ వేసిన అమ్మాయి ఆ బిడ్డకి ఇప్పుడు ఏమీ కాదు, ఏమీ కానివారు పిటిషన్ వేయడానికి వీల్లేదు. తప్పు పట్టడానికి లేని వాదన. ముందు కాగితంలో లేదని విడదీసి, విడదీశాక చట్టంలో లేదని తోసేయడం ఎంత తీరుగా అమరిందో చూడండి.

జడ్జిగారు అతన్ని కూర్చోమని నూకరత్నం వైపు తిరిగారు.

"నీకేం కావాలమ్మా? తమ్ముణ్ణి వెనక్కి ఇప్పించమంటావా?"

సుభాషిణి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. నూకరత్నం ఆవిడ వంక ఒకసారి చూసింది.

"ఒద్దండి. ఆడికి అమ్మ దొరికింది గదండి, తీసీకండి. నాకు ఆడు కనబడాలండి. నానున్నానని ఆడికి తెలవాల. అంతేనండి."

రెండు వారాలకి తీర్పు వచ్చింది. దత్తత దత్తతే, దానికి ఢోకా లేదు. అయితే తల్లిదండ్రుల స్థానం మారిందంటే అక్కని చూడకూడదని అర్థం కాదన్నారు జడ్జిగారు. బిడ్డ మేలు కోసమే ఈ చట్టమంతా ఉంటే, తనకి ఒక అక్క ఉందని తెలిసి పెరగడం కూడా ఆ మేలులో భాగమే అన్నారు. మూడు నెలలకోసారి, రెండో శనివారం, న్యాయ సేవల భవనంలో గంటన్నర కలవాలి. ఇల్లు మారినా, బదిలీ అయినా కోర్టుకి తెలియజేయాలి. బిడ్డకి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా ఇది నడవాలి. శేషగిరి సంతకం పెట్టాడు. సుభాషిణి కూడా పెట్టింది. నన్ను ఎవరి దగ్గర ఉంచాలని జడ్జిగారు అడిగితే, తమ్ముడి దగ్గరే ఉండనివ్వమంది నూకరత్నం. బాబుతో పాటు గిన్నె కూడా వచ్చిపోతూ ఉండాలని జడ్జిగారు నవ్వుతూ అన్నారు. సుభాషిణి దాన్నీ ఉత్తర్వు లాగే పాటించింది.

మీరు ఇప్పుడు ఊపిరి పీల్చుకుని ఉంటారు. నేనూ పీల్చుకున్నాను. మొదటి కలయిక అయ్యేదాకా.

మేడమీద ఒక గది. నీలం రంగు కుర్చీలు, గోడమీద ఎవరో దానం చేసిన క్యాలెండరు. నూకరత్నం రెండు జడలు వేసుకుని గంట ముందే వచ్చి కూర్చుంది. నాలుగేళ్ళ శ్రీహాస్ సుభాషిణి చీర కుచ్చిళ్ళ వెనక దాక్కున్నాడు. "అక్క నాన్నా, అక్క దగ్గరికి వెళ్ళు" అంటే "నాకు అక్క లేదు" అన్నాడు. నూకరత్నం లేవలేదు, దగ్గరికి తీసుకోబోలేదు. గంటన్నరా అలాగే కూర్చుని వాణ్ణి చూసింది. వాడు కిటికీ ఊచలు లెక్కపెట్టాడు, బిస్కెట్ తిన్నాడు, నిద్రపోయాడు. ఆ రోజు నాకు నా కంచు బతుకు మీదే రోత పుట్టింది. వాడి ఒంట్లో ఆ పిల్ల పోసిన ఉగ్గు ఉంది, గుర్తు మాత్రం లేదు.

రెండోసారి పేరు అడిగాడు. మూడోసారి ఆమె జడల రిబ్బను విప్పేశాడు. నాలుగోసారి మెట్లెక్కుతూనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి వాడికి ఐదో ఏడు వస్తోంది. నోరు ఊరుకునేది కాదు. బడి సంగతులన్నీ చెప్పి, ఇంకా ఏం చూపించాలో తోచక, సంచిలోంచి నన్ను తీశాడు.

"అక్కా, ఇది నాది తెలుసా? నేను బుజ్జిగా ఉన్నప్పుడు మా అమ్మ రోజూ దీంతోనే నాకు ఉగ్గు పట్టేది. కాళ్ళమీద పడుకోబెట్టుకుని! నేను బాగా ఏడ్చేవాణ్ణంట."

ఈ కథ సుభాషిణి వాడికి ఎన్నోసార్లు చెప్పింది. అన్నం తినకపోతే చెప్పేది, జ్వరం వస్తే చెప్పేది. నేను మీ దగ్గర ఇంతసేపూ దాన్ని దాటవేశాను. వాడు ఆ ఇంటికి వెళ్ళేసరికే నడుస్తున్నాడు, ఉగ్గు తాగే వయసు దాటిపోయింది. తను చెయ్యలేకపోయిన పనిని కథలోనైనా చేసుకుంది ఆవిడ. ఏమనాలో నాకు తెలియక ఊరుకున్నాను.

వారిజ కాగితాల మీంచి తలెత్తింది. సుభాషిణి మొహం పాలిపోయింది. నూకరత్నం నన్ను చూసింది, ఆవిణ్ణి చూసింది, తర్వాత వాడి జుట్టు సవరించింది.

"అవును, నాను సూసినాను గదా. మీ అమ్మే పట్టేది. నువ్వు మా సెడ్డ అల్లరి సేసేవోడివి."

"నువ్వెక్కడున్నావ్?"

"పక్కనే ఉన్నాను. నువ్వు కదలకుండా పట్టుకునేదాన్ని."

వాడికి ఆ మాట నచ్చింది. నన్ను బల్లమీద పెట్టి గిర్రున తిప్పాడు.

"మరి నీకు ఎవరు పట్టారు?"

ఆ పిల్ల ఎంత తెలివైనదైనా పదమూడేళ్ళ పిల్లే. తమ్ముడి కోసం తన చేతిని వదులుకోగలిగింది గానీ, పైడమ్మని వదులుకోలేకపోయింది.

"నాకూ మా అమ్మే పట్టింది" అంది. తర్వాత, ఆగలేక, "ఈ గిన్నెతోనే" అంది.

శ్రీహాస్ ఆలోచించాడు. వాడి లెక్కలో ఈ గిన్నె వాళ్ళింటి షోకేసులోది, దీంతో ఉగ్గు పట్టే అమ్మ ఒక్కతే. గిరుక్కున సుభాషిణి వైపు తిరిగాడు.

"అయితే నువ్వు అక్కకి కూడా పట్టావా అమ్మా? మరి మనింటికి వచ్చేటప్పుడు అక్కని తీసుకురావడం మర్చిపోయావా?"

ఆ గదిలో ఒక లాయరు ఉంది, కోర్టు ఉత్తర్వు ఉంది, పెద్దవాళ్ళు ఉన్నారు. వారిజ కాగితాలు సర్దింది. శేషగిరి కిటికీ వైపు తిరిగిపోయాడు. చివరికి సుభాషిణే చెప్పింది.

"అవును నాన్నా. మర్చిపోయాం."

"అయితే ఇప్పుడు తీసుకెళ్దాం" అన్నాడు వాడు. ఎంతో తేలిక పని చెబుతున్నట్టు అన్నాడు. నూకరత్నం చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపాడు, గుమ్మం దాకా లాక్కెళ్ళాడు. అక్కడ మేట్రన్ చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. గంటన్నర అయిపోయింది. గుమ్మం దగ్గర నూకరత్నం వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, చెయ్యి విడిపించుకుంది.

"మూడు నెల్లకి మల్లీ వత్తాను గదా" అంది.

వాడు ఒప్పుకోలేదు. శేషగిరి భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే తన్నుకుంటూ, అక్కా అని కేకలు పెడుతూ ఏడ్చాడు. ఆ గొడవలో నన్ను సంచిలో వెయ్యడం అందరూ మర్చిపోయారు. బల్ల మీదే ఉండిపోయి చూశాను. నూకరత్నం గుమ్మం దాటలేదు. దాటితే వెంట పోతానని భయం వేసినట్టుంది. తలుపు చెక్కని రెండు చేతులతో పట్టుకుని, ఆ ఏడుపు వీధిలో కలిసిపోయేదాకా నిలబడింది.

తర్వాత వెనక్కి వచ్చి నన్ను తీసుకుంది. వరండా చివర కుళాయి దగ్గర కడిగింది. నాలో ఏమీ లేదు. అయినా కొమ్ములోకి వేలు పోనిచ్చి, అంటుకున్న ఉగ్గు తీసినట్టే, శ్రద్ధగా కడిగింది. చున్నీ చెంగుతో తుడిచి వారిజ చేతికిచ్చింది.

"ఆడు మల్లీ వచ్చినప్పుడు ఇచ్చీయండి" అంది.